అడగడం మానేసిన మేస్త్రిగారు

మొన్న రాజమండ్రిలో కారు సర్వీసింగుకి ఇచ్చాను. దారిలో స్టీరింగు వెనక నూనెడబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైటు రెండుసార్లు వెలిగి ఆరింది. యూనిఫాం వేసుకున్న టెక్నీషియను వచ్చి ఎక్కడో ఒక వైరు గుచ్చి, చేతిలోని పలకలాంటి దాంట్లో చూసుకుంటూ, "మీరు లోపల కూర్చోండి సార్, ఏసీ ఉంది," అన్నాడు. లైటు ఎక్కడ వెలిగింది, ఎంతసేపు వెలిగింది, అప్పుడు నేను ఎంత వేగంలో ఉన్నాను, ఇవేవీ అడగలేదు. నేనే చెప్పబోతే, "అన్నీ ఇందులో వచ్చేస్తాయి సార్," అన్నాడు, మర్యాదగానే.

ఏసీ గదిలో కూర్చుని కాగితం కప్పులో కాఫీ తాగుతుంటే నిడదవోలులో బండ్లు బాగుచేసే మేస్త్రిగారు గుర్తొచ్చారు. బండి యజమానిని లోపల కూర్చోబెట్టి వైద్యం మొదలుపెట్టడం ఆయన వల్ల అయ్యే పని కాదు. వెంటనే నిడదవోలులో స్పేరుపార్టుల కొట్టు నడిపే తెలిసినాయనకి ఫోన్ చేసి, మేస్త్రిగారు ఎలా ఉన్నారని అడిగాను.

"ఆయనాండి? ఉగాదికి ముందే పోయారు కదండీ. మీకు తెలీదేంటి?"

తెలీదన్నాను. ఎందుకు తెలియలేదో మాత్రం నాకు బాగా తెలుసు. అదీ చెప్తాను. ముందు ఆయన గురించి.

రైలు గేటు దాటాక కాలవ పక్కన రేకుల షెడ్డు ఆయనది. బోర్డు ఉండేది కాదు. మెకానిక్కు అంటే మసి గుడ్డలు అనుకునేవాళ్ళు ఆయన్ని చూసి ఎవరో బండి బాగుచేయించుకోవడానికి వచ్చారనుకునేవారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మణికట్టు దాకా గుండీలు. ఆ చొక్కా మీద నేను ఒక్క మరక కూడా చూడలేదు. పనికి దిగేముందు చొక్కా చేతులు పైకి మడిచేవారు, చేతులు మాత్రం మోచేతుల దాకా నల్లగా అయ్యేవి. పని అయ్యాక తవుడుతో రుద్దుకుని, కాలవలో కడుక్కుని, మళ్ళీ గుండీలు పెట్టుకుని అప్పుడు మాట్లాడేవారు. పని మధ్యలో మాట్లాడితే అవి ప్రశ్నలే అయ్యుండేవి.

ఆ ప్రశ్నల కోసమే ఆయన దగ్గరికి జనం వెళ్ళేవారని నా అనుమానం. తణుకు నుంచి, గూడెం నుంచి, మా భీమవరం వైపు నుంచి కూడా వచ్చేవారు, దార్లో ఇరవై షెడ్లు దాటుకుని. ఆయన కోపంగా అడగరు, పోలీసులా అడగరు. పసిపిల్లల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే తల్లిని అడుగుతారు చూడండి, అలా. "పొద్దున్నా, మధ్యాహ్నమా? బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బరువు మీదా, ఖాళీగానా?" అడిగేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. చెప్పేవాడు ఎక్కడైనా తడబడితే కళ్ళు తెరిచేవారు.

నేను ఒకసారి అడిగాను, "బండి ముందరే ఉంది కదా మేస్త్రిగారూ, దాన్ని చూడకుండా మమ్మల్ని అడుగుతారేంటండీ?" అని.

"ముందు చెప్పేవాణ్ని అనుమానించాలండి," అన్నారు. "తరవాత మీటర్ని. ఆ తరవాత నూనెని. ఇంజన్ని ఆఖర్న అనుమానించాలి. మనోళ్ళు తిరగేసి చేస్తారు. ముందు ఇంజను విప్పేస్తారు."

ఇంజను ఆయిల్‌కి ప్రెషర్ తగ్గిందని వచ్చే పాత బండ్లంటే ఆయనకి మహా ఇష్టం. అందరూ దాన్ని మనిషి బీపీతో పోలుస్తారు. ఆ పోలిక ఆయనకి నచ్చేది కాదు. "బీపీ ఏంటండీ, మన కాలవ ఉండగా," అనేవారు. "శివారు చేలోకి నీళ్ళు రాలేదనుకోండి. మూడే కారణాలు. కాలవలోనే నీళ్ళు లేవు. లేదా తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడింది. అదీ కాకపోతే దార్లో ఎక్కడో గండి పడింది. ఇంజన్లోనూ అంతే. నూనె తక్కువుండాలి, పంపు పీల్చుకునే చోట జల్లెడకి అడ్డం పడాలి, లేదా బేరింగులు అరిగి మధ్యలోనే కారిపోవాలి. ఏదో తెలుసుకోకుండా చేను దున్నేస్తానంటే ఎలా?"

ఈ మాట ఆయన కనీసం యాభైసార్లు చెప్పగా విన్నాను. ప్రతిసారీ అప్పుడే తట్టినట్టు చెప్పేవారు.

ఇంకో అలవాటు. వచ్చిన ప్రతి బండి నూనెలోంచి ఒక చుక్క తీసి పాత పేపరు అంచు మీద వేసేవారు. ఆ ముక్కని ఆత్రేయపురం పూతరేకు పట్టుకున్నంత సుతారంగా రెండు వేళ్ళతో పట్టుకుని దండెం మీద ఆరేసేవారు. మర్నాటికి ఆ చుక్క చుట్టూ వలయం కట్టేది. మధ్యలో నలుపు, చుట్టూ లేత రంగు. వలయం మరీ వెడల్పుగా పాకితే నూనెలో డీజిల్ కలిసి పల్చబడినట్టు. ఎప్పుడు వెళ్ళినా షెడ్డులో పది పన్నెండు ముక్కలు ఊగుతూ ఉండేవి. యజమానులు బండి తీసుకెళ్ళిపోయాక కూడా వాటిని పారేసేవారు కాదు. అప్పుడప్పుడు ఒకదాన్ని ఎండకి పట్టుకుని చూస్తూ తనలో తాను నవ్వుకోవడం చూశాను.

కష్టమైన రోగం అంటే ఆయనకి సంబరం. తేలికైంది వస్తే మొహం చిన్నబోయేది. ఒకసారి రిటైరైన హెడ్మాస్టరుగారు పాత కారు తెచ్చారు. ఎర్ర లైటు వెలుగుతోంది, ఇద్దరు మెకానిక్కులు ఇంజను మొత్తం విప్పాలన్నారట.

"ఎప్పుడు వెలుగుతుందండి?"

"మలుపు తిరిగినప్పుడు."

"ఏ పక్కకి?"

"కుడి పక్కకి."

"ఎడమ పక్కకి తిరిగితే?"

హెడ్మాస్టరుగారు ఆలోచించారు. "గమనించలేదండి."

"అయితే స్టేషను చుట్టూ ఒక రౌండు కొట్టి రండి. ఎడమకి రెండు మలుపులున్నాయి."

ఆయన వెళ్ళి వచ్చి, ఎడమకి తిరిగితే వెలగలేదన్నారు. మేస్త్రిగారు నూనె మట్టం చూశారు, సరిగ్గానే ఉంది. స్టీరింగు కిందకి చెయ్యి పెట్టి తడిమి, ఒక వైరు బయటికి లాగి చూపించారు. కుడికి తిప్పినప్పుడల్లా ఇనుముకి ఒరుసుకుని పై తొడుగు పోయింది. రెండంగుళాల టేపు చుట్టారు. హెడ్మాస్టరుగారు ఆనందంతో చేతులు పట్టుకోబోతే, మేస్త్రిగారు "ఇంతేనాండి," అన్నారు దిగులుగా. ఇంట్లో పెళ్ళి ఆగిపోయినంత దిగులు.

ఆయన మాటకి ఇంకో విలువ కూడా ఉండేది. మా వైపు బండి ఉన్నవాడెవడైనా కొత్త డ్రైవర్ని పెట్టుకోవాలంటే లైసెన్సు చూసేవాడు కాదు, మేస్త్రిగార్ని అడిగేవాడు. "చేతిలో బండి ఎలా ఉందో నాకు తెలుస్తుంది కదండీ," అనేవారు ఆయన. మంచివాడైతే "పర్లేదండి" అనేవారు. ఆ "పర్లేదండి" కోసం డ్రైవర్లు ఏళ్ళు ఎదురుచూసేవారు. అందుకే షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఇంజను అడుగున నూనె నిలవుండే తొట్టి ఉంటుంది, మెకానిక్కులు చాంబరు అంటారు. దాన్ని విప్పే రోజు యజమాని, డ్రైవరు ఇద్దరూ అక్కడ ఉండాలి. ఒకరు లేకపోతే విప్పరు. "లోపల ఏం దొరికితే అది ఇద్దరూ ఒకేసారి చూడాలండి. వెనకాల ఒకళ్ళమీద ఒకళ్ళు చెప్పుకోకూడదు," అనేవారు.

ఇప్పుడు నా సంగతి.

పదిహేనేళ్ళ కిందటి మాట. నిడదవోలు ఇంకా పశ్చిమగోదావరిలోనే ఉంది. మాకు భీమవరం పక్కన రొయ్యల చెరువులు. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, ట్రేలకి ఐసు వేసి, తూకం వేసి కొనే కాటాకి చేర్చడానికి ఒక పాత డీజిల్ వ్యాను ఉండేది. డ్రైవరు సత్తిబాబు. అంతర్వేది వైపు వేట మీద బతికే కుటుంబం. తండ్రి, అన్నలు సముద్రం మీదకి వెళ్తారు. ఇతనొక్కడే స్టీరింగు పట్టాడు. ఎందుకురా అంటే, "పడవెక్కితే వాంతులండి. మా నాన్న మూడేళ్ళు చూసి, ఒరే నువ్వు చేపలకి మేతేస్తన్నావు గానీ పట్టట్లేదు, పొమ్మన్నాడండి," అనేవాడు. పెద్ద లారీ నడపాలని అతని ఆశ. దానికి మేస్త్రిగారి నోట "పర్లేదండి" రావాలని నాతో చాలాసార్లు అన్నాడు.

ఖాళీగా ఉంటే అతని చేతులు ఊరుకునేవి కావు. పీచు దొరికితే పీచు, ట్రేలకి కట్టిన ప్లాస్టిక్ పట్టీ దొరికితే పట్టీ, తొడ మీద వేసి అరచేత్తో పేనుతూ తాడు చేసేసేవాడు. మేస్త్రిగారి షెడ్డులో పేపరు ముక్కలు ఆరేసే దండెం కూడా అతను పేనిందే.

ఆ వేసవిలో వ్యానుకి ఆయిల్ మీటరు ముల్లు పడిపోవడం మొదలైంది. సత్తిబాబు చూసి చెప్పాడు. బేరింగులు పోయాయని నేను తేల్చేసి, ఇద్దరం బండి వేసుకుని నిడదవోలు వెళ్ళాం.

మేస్త్రిగారు స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. "చెప్పండి. ముల్లు ఎప్పుడు పడుతుంది?"

"బండి వేడెక్కాక," అన్నాను.

"ఆగి ఉన్నప్పుడా, లాగుతున్నప్పుడా?"

నేను సత్తిబాబు వైపు చూశాను. 

"లాగుతున్నప్పుడండి," అన్నాడు. "గట్టిగా తొక్కితే పడిపోద్ది. స్లోలో పెడితే కాస్త లేస్తదండి."

మేస్త్రిగారు కళ్ళు మూసుకునే ఉన్నారు గానీ పెదాలు కదిలాయి. "ఇంజను ఆపేస్తే?"

"ఆపేసి మళ్ళీ స్టార్టు చేస్తే బ్రహ్మాండంగా ఉంటదండి. మళ్ళీ పది, పన్నెండు కిలోమీటర్లు ఏమీ అనదు."

"ఎంతసేపు ఆపావు?"

"టీ తాగినంతసేపండి."

"అంటే ఇంజను చల్లారలేదు."

"లేదండి, చెయ్యి కాలతానే ఉంది."

ఆయన కళ్ళు తెరిచారు. ఆ మొహం నాకిప్పటికీ గుర్తు. బజార్లో తప్పిపోయిన మనిషికి ఊరివాడు కనిపించినట్టు. "ఎంత బాగా చూశావు తమ్ముడూ!" అన్నారు. నాలుగేళ్ళుగా ఆ బండి యజమానిని నేను. నాకు ఏమీ తెలియలేదు.

అయినా నమ్మలేదు ఆయన. చెప్పేవాణ్ని అనుమానించడం అయింది, ఇప్పుడు మీటరు వంతు. మెడకి చుట్టుకునే పాత మఫ్లరులో చుట్టి దాచుకున్న సొంత మీటరు తీశారు. దానికి సన్నటి రాగి గొట్టం. బండిలో ఉన్నదాన్ని విప్పి, ఆ చోట దీన్ని బిగించి, గొట్టం కిటికీలోంచి లోపలికి తెచ్చుకుని, మీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సత్తిబాబు నడుపుతున్నాడు, మధ్యలో నేను. కాలవగట్టు రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు వెళ్ళాం. అరటితోటలు, ఇటికబట్టీలు వెళ్ళిపోతున్నాయి, ఆయన ఒక్కదాన్నీ చూడలేదు. ఒక చోట ముల్లు నెమ్మదిగా వంగింది. "వచ్చింది, వచ్చింది," అన్నారు రహస్యం చెప్తున్నట్టు. "వదులు... ఇప్పుడు తొక్కు. చూశారాండి? తొక్కితే పడుతోంది."

తిరిగొచ్చేటప్పుడు నాకు అరటిపండు వొలిచినట్టు చెప్పారు. బేరింగులు అరిగి ఉంటే అది గండి లాంటిది. వేడెక్కి నూనె పల్చబడ్డాక, బండి స్లోలో ఉన్నప్పుడు ముల్లు పడాలి, తొక్కితే పంపు ఎక్కువ తోడుతుంది కాబట్టి లేవాలి. ఇక్కడ తిరగబడింది. తొక్కితే పడుతోందంటే పంపు అడుగుతున్నంత నూనె దానికి అందడం లేదు. ఇంజను ఆపగానే బాగవుతోందంటే అడ్డం పడింది గట్టి వస్తువు కాదు. "తూము దగ్గర డెక్క పేరుకుంది. మోటారు ఆపితే లాగుడు లేక వదిలేసి పక్కకి తేలిపోతోంది. మళ్ళీ మొదలెట్టాక కొంచెం కొంచెంగా వచ్చి చేరుతోంది. బేరింగులకి ఇంకా ఏం కాలేదండి, ఈ తమ్ముడు ముల్లు పడగానే ఆపుతున్నాడు కాబట్టి. ఇంకొకడైతే ఈపాటికి ఇంజను పట్టేసేది."

సత్తిబాబు చెవులు ఎర్రబడ్డాయి.

షెడ్డు దగ్గర దిగాక మేస్త్రిగారు నన్ను అడిగారు. "ఇంజన్లోకి ఏదైనా పడిందాండి ఈమధ్య? గుడ్డముక్క, పేస్టు, ఏదైనా?"

ఆ క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది.

నెలన్నర ముందు ఒక పట్టుబడి రోజు. సత్తిబాబు వాళ్ళ ఊరి జాతరకి వెళ్ళాడు. నేనే ఇంజన్లో నూనె పోసి, పోసిన చోట మూత పెట్టడం మరిచి బానెట్ అంచున ఉంచాను. ఇంజను స్టార్టు చేయగానే అది అదిరి జారి చెరువులో పడింది. ట్రేలు ఎక్కించేశారు, ఐసు కరుగుతోంది, కాటా దగ్గర వరస. గట్టు మీద కొబ్బరిడొక్క ఉంటే, గుప్పెడు పీచు పీకి, నలిపి ఇంజను నోట్లో కుక్కేసి వెళ్ళిపోయాను. మా వైపు బిందెకైనా డ్రమ్ముకైనా మూత పోతే పీచే కదా పెడతాం. రెండు రోజుల తరవాత కొత్త మూత తెచ్చి పెట్టాను. పీచు లాగితే సగమే బయటికొచ్చింది. మిగతాది దార్లో ఎగిరిపోయి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడం తేలిక.

"ఏమీ పడలేదండి," అన్నాను.

ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి ఈసారి. "సరేనండి. చాంబరు దించుదాం."

నూనె బకెట్లోకి దించి, బోల్టులు విప్పి, చాంబరు కింద పెట్టారు. పంపు కింద జల్లెడ నల్లగా, వెంట్రుకలు పట్టినట్టుంది. చిమటాతో ఒక్కొక్క పోగు తీసి, గిన్నెలో డీజిల్ పోసి కడిగి, పేపరు మీద పక్కపక్కన పరిచారు. కడిగేకొద్దీ రంగు బయటపడింది.

"కొబ్బరిపీచండి," అన్నారు. 

ముగ్గురం ఆ పేపరు మీదకి వంగి ఉన్నాం. పక్క బండి దగ్గర పనిచేస్తున్న ఇద్దరు మెకానిక్కులు కూడా వచ్చి చూస్తున్నారు. వాళ్ళు నవ్వుతారేమోనన్నది నా భయం. ఇంజను శుభ్రంగా ఉంచాలని అందరికీ ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ని. అంతకు మించి కారణం లేదు. ఉంటే బాగుండును.

"ఒరేయ్ సత్తిబాబూ, మూత పోతే పీచు కుక్కావా?" అన్నాను.

అతను నా వైపు చూశాడు. "లేదండి."

"మరి దానంతటది నడిచొచ్చిందా?"

మెకానిక్కులు నవ్వారు. సత్తిబాబు మళ్ళీ నోరెత్తలేదు. మేస్త్రిగారు ఒక పోగుని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పుతూ, ఎవరి వైపూ చూడకుండా అన్నారు: "ఇతని చేతికి పీచు చిక్కితే తాడు పేనేస్తాడండి. పేనడం ఆగదు. ఇది పేనింది కాదు, నలిపి కుక్కింది."

"అంత తొందర్లో ఎవరు పేనుతారండీ మేస్త్రిగారూ," అన్నాను నవ్వుతూ.

ఆయన తలెత్తారు. "తొందరాండి?"

ఎక్కడో రైలు కూత వేస్తే అటు తిరిగి చూశాను. ఆయన కాసేపు ఆగారు. తరవాత జల్లెడ కడిగి బిగించారు, చాంబరు ఎక్కించారు, కొత్త నూనె పోశారు. ముల్లు లేచి నిలబడింది, మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

నేను అక్కడితో ఆగినా కొంత నయం. మర్నాడు కాటా దగ్గర పదిమందిలో, మేస్త్రిగారు రోగం ఎలా పట్టారో కథలా చెప్పాను. కథకి ముగింపు కావాలి కదా. "మావాడు ఇంజన్లో పీచు కుక్కాడండీ," అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. వారం తిరక్కుండా అతని పేరు పీచు సత్తిబాబు అయింది. కాటా దగ్గర వ్యాను ఆగితే ఎవడో ఒకడు, "ఏరా పీచూ, ఇవాళ టైర్లలో ఏం కుక్కావు?" అనేవాడు. పెద్ద బండి ఇస్తామన్న ఇద్దరు యజమానులు మాట మార్చారు. రెండు నెలలకి తాళాలు నా బల్లమీద పెట్టి, "వస్తానండి," అన్నాడు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. తరవాత విన్నాను, మేస్త్రిగారు జంగారెడ్డిగూడెంలో పామాయిలు గెలలు తోలే లారీ యజమానికి కబురు పెట్టి, "పర్లేదండి," అన్నారని. మెట్టకి వెళ్తే ఆ పేరు వెంటరాదని ఆయన ఆలోచన కాబోలు.

నన్ను ఆయన ఏమీ అనలేదు. వెళ్తే లేచి నిలబడేవారు, కుర్చీ వేయించేవారు, టీ తెప్పించేవారు. బండి బాగుచేసి పంపేవారు. ఏదో తేడా ఉందని రెండోసారి అనిపించింది. అదేమిటో మూడోసారి తెలిసింది. ఆయన నన్ను ఏమీ అడగడం లేదు. నేను వెళ్ళగానే లేచి నేరుగా బండి దగ్గరికి నడిచేవారు. నాతో వచ్చిన కొత్త డ్రైవర్ని అడిగేవారు, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే. నేను మధ్యలో కల్పించుకుని, "ఎక్కేటప్పుడు శబ్దం వస్తోందండి," అంటే, "చూద్దామండి," అనేవారు మర్యాదగా. మీటర్ని నమ్మకపోతే విప్పి సొంత మీటరు పెట్టుకునేవారు. నా విషయంలో కూడా అదే చేశారు.

చిత్రమేమిటంటే నాకు ఆ ప్రశ్నలు కావాలనిపించింది. ఇంట్లో కూర్చుని, బండి గురించి ఆయన ఏమడుగుతారో ఊహించి జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళేవాణ్ని. శబ్దం చల్లగా ఉన్నప్పుడా వేడిమీదా, మూడో గేరులోనా నాలుగులోనా, అన్నీ గమనించేవాణ్ని. ఆయన వల్ల బండిని చూడ్డం నేర్చుకున్నాను, చూసింది ఆయనకి చెప్పే అర్హత మాత్రం పోగొట్టుకున్నాను. ఒక్క మాట చాలు: "ఆ పీచు నేనండి." షెడ్డు గుమ్మంలో రెండుసార్లు ఆ మాట నోటిదాకా వచ్చింది. టీ వచ్చింది, తాగాను, వచ్చేశాను. తరవాత వెళ్ళడం మానేశాను. అందుకే ఆయన పోయిన సంగతి తెలియలేదు.

సర్వీసింగు నుంచి కారు వచ్చిన మర్నాడు జంగారెడ్డిగూడెం బయల్దేరాను. గెలలు కొనే కేంద్రం దగ్గర లారీలు వరసలో ఉన్నాయి. సత్తిబాబుని వెతకనక్కర్లేకపోయింది. క్యాబిను మెట్టు మీద కూర్చుని నైలాను పోగులేవో తొడమీద పేనుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచాడు.

"ఏంటండీ, మీరిలా వచ్చారు? ఎండలో!"

మేస్త్రిగారు పోయారట కదా అన్నాను. తను వెళ్ళొచ్చానన్నాడు. పెద్దకర్మ దాకా అక్కడే ఉన్నాడట. అప్పుడు చెప్పాను. మూత ఎలా పడిందో, పీచు ఎలా కుక్కానో, అన్నీ వరసగా. బాగా సిద్ధం చేసుకున్న మాటలే.

"తెలుసండి," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నేను జాతర్నుంచి వచ్చేసరికి కొత్త మూతుంది కదండీ. నేను కానప్పుడు ఇంకెవరు? బండి ముట్టుకునేది మనిద్దరవే."

"మరి ఆరోజే ఎందుకు అనలేదు సత్తిబాబూ?"

"మీరంటారని చూశానండి. చాంబరు ఎక్కించేదాకా చూశాను." పోగు ముడి వేసుకున్నాడు. "తరవాత మేస్త్రిగార్ని అడిగానండి, చెప్పేయనా అని. నువ్వు చెప్తే తగువవుద్దిరా, ఆయన చెప్తే అయిపోద్ది, ఆగు అన్నారు. ఇద్దరం ఆగాం. ఆయన ఇంకా ఎక్కువాగారు."

నేను క్షమించమన్నాను. అతను ఇబ్బందిగా నవ్వాడు. "నాకెందుకండీ చెప్పడం, నాకు తెలిసిందే కదా. తెలీనోళ్ళకి చెప్పండి. మా మేనల్లుడు భీమవరంలో కాటా దగ్గరే దిగాడండి ఈమధ్య, డ్రైవరుగా. మీ మావ పీచు సత్తిబాబు కదరా అన్నారంట. పదిహేనేళ్ళయిందండి."

వరస కదిలింది. లారీ ఎక్కి ముందుకి పోయాడు.

సోమవారం పొద్దున్నే కాటా దగ్గరికి వెళ్ళాను. ట్రేలు దించుతున్నారు. యజమానులు, డ్రైవర్లు, ఓ ఇరవైమంది ఉంటారు. సగం మంది కొత్తవాళ్ళు. నేను బల్ల దగ్గర నిలబడి, ఒక పాత సంగతి చెప్పాలి, వినండి అన్నాను. మొదట్నించీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తూకం వేసే పెద్దాయన ఒక్కడే, ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉన్నవాడు, కళ్ళజోడు పైకి తోసి అడిగాడు:

"మీరనేది ఆ పీచు సత్తిబాబు సంగతేనాండి?"

"ఉత్త సత్తిబాబే," అన్నాను. "పీచు నాది."